వెనకగోడ చెమ్మ

పెళ్లి పత్రికలు వెనక్కి రావడంతో మొదలైంది ఆ ఎండాకాలం.

మాది పత్తర్‌గట్టి వెనక సందులో పాత ఇల్లు. మామయ్య రామ్‌చందర్ గారికి ఛత్తా బజార్‌లో కాగితం దుకాణం. పెళ్లి పత్రికలు అచ్చువేసేవాళ్లకు మందపాటి కార్డు కాగితం, కవర్లు టోకున అమ్ముతాం. దుకాణం చిన్నది కాబట్టి సరుకంతా ఇంట్లోనే, వెనకగది కింద ఉన్న తైఖానాలో పెట్టేవాళ్లం. తైఖానా అంటే నేలమాళిగ. నల్లరాతి గోడలు, పైన కమాను కప్పు, ఒక మూలన ఇరుకు మెట్లు. మామయ్య చిన్నతనంలో ఎండలు ముదిరితే ఇంటిల్లిపాదీ మధ్యాహ్నాలు అక్కడే పడుకునేవారట. నేను కాపురానికి వచ్చేనాటికి అక్కడ కాగితం కట్టలు తప్ప మరేవీ పడుకోవడం లేదు.

మాఘమాసం చివర, పెళ్లిళ్ల రద్దీలో ఒక ప్రింటరు ఆటోలో డబ్బాలు తెచ్చి దుకాణం ముందు దించాడు. బంగారు రంగు అక్షరాలు కాగితాన్ని పట్టుకోలేదు. పెళ్లికూతురి పేరు పాకిపోయి ఎవరి పేరో తెలియకుండా ఉంది. కాగితం చెమ్మ తాగిందని, ఇకమీదట వేరేచోట చూసుకుంటానని అతను మర్యాదగానే చెప్పి వెళ్లాడు. మర్యాదగా చెప్పడం వల్లే మామయ్య ఆ రోజు దుకాణం పెందలాడే కట్టేశారు.

సాయంత్రం నా భర్త నిఖిలేష్ తైఖానాలోకి దిగి వెనకగోడకు ఆనించిన కట్టలన్నీ పక్కకు లాగాడు. నేను ఫోను టార్చి పట్టుకుని నిలబడ్డాను. గోడంతా తెల్లటి ఉప్పు పూసి ఉంది. వేలితో రాస్తే పిండిలా రాలింది. నడుము ఎత్తున రాళ్ల సందుల్లో సున్నం కరిగిపోయి, కొన్ని రాళ్లు ముందుకు తోసుకొచ్చాయి. గోడకు కడుపు వచ్చినట్టుంది.

"ఈ గోడ మీదనే మనం పండుకుంటున్నం," అన్నాడు నిఖిలేష్, పైకప్పు వైపు చూస్తూ.

పైన ఉన్న గది మాదే. మా పాప స్రవ్య మంచం ఆ గోడవైపే ఉంటుంది.

అత్తాపూర్‌లో ఫ్లాటు తీసుకుని వెళ్లిపోవాలని నిఖిలేష్‌కు చాలాకాలంగా ఉంది. ఇప్పుడు చేతికి కారణం దొరికింది. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. ఈ సందులోకి అంబులెన్సు రాదు, బండి పెట్టుకోను చోటు లేదు, ఇప్పుడు గోడ కూడా నిలవనంటోంది అని వరసపెట్టి చెప్పాడు. మామయ్య అంతా విని, మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టారు.

"గోడకు జర మందు పెట్టిస్తే అయిపోతది. గంత దానికి ఇల్లు ఇడిచిపెడతరా?"

ఆ మందు పెట్టడానికి ఎల్లేష్ మేస్త్రి వచ్చాడు. బహదూర్‌పురాలో ఉంటాడు. పని బాగానే వచ్చు, మాటలు ఇంకా బాగా వచ్చు. ఉప్పంతా గీకించి, రాళ్ల సందుల్లో సిమెంటు కూరి, నీళ్లను ఆపే మందు కలిపి గోడంతా మందంగా గిలాబు పూత చేయించాడు. దాని మీద తెల్లరంగు రెండు పూతలు. పని అయ్యాక తైఖానా కొత్తగా కట్టిన గదిలా ఉంది. ఇంక మీ మనవరాలి పెళ్లిదాకా దీన్ని చూడక్కర్లేదు సేట్ అన్నాడు ఎల్లేష్. మామయ్య గోడను అరచేత్తో తట్టి చూశారు. ఉగాదికి ముందే కట్టలన్నీ మళ్లీ గోడ దగ్గరికి చేరాయి.

ఉగాది దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం స్రవ్యను పడుకోబెడుతుంటే కింద పెద్ద చప్పుడైంది. పాపను అలాగే చంకనేసుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తాను. గిలాబు పై నుంచి కింది దాకా ఒక్క పలకలా ఊడి కాగితం కట్టల మీద పడి ఉంది. దాని వెనక రాయి చెమట పట్టినట్టు తడిగా మెరుస్తోంది. బయట మండే ఎండ. వాన పడి నెలలు దాటింది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు అర్థం కాలేదు.

ఎల్లేష్ వచ్చి చూసి, చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు.

"నాదే తప్పు సేట్," అన్నాడు చివరికి. "లోపలికెల్లి ఆపుదామనుకున్న. నీళ్లు అవతలికెల్లి నూకుతుంటే ఇవతల ఎంత పూసినా నిలవది. అవతల తవ్వాలె. పునాది దాకా తవ్వి, గోడ బయటి మొఖానికి పూత పెట్టాలె."

అవతల అన్న మాట వినగానే మామయ్య లేచి పైకి వెళ్లిపోయారు.

అవతల ఉన్నది మామయ్య అన్నగారు బాలకిషన్ గారి ఇల్లు. నిజానికి రెండూ ఒకే ఇల్లు. నా పెళ్లికి చాలా ఏళ్ల ముందే అన్నదమ్ములు పంచుకున్నారు. ముందు సందు వైపు గదులు, తైఖానా మామయ్యకు వచ్చాయి. వెనక వాకిలి, దాని చుట్టూ ఉన్న గదులు పెద్దమామయ్యకు. మా వెనకగది నుంచి వాకిట్లోకి ఒక తలుపు ఉండేదట. దాన్ని ఇటుకలతో మూసేశారు. ఆ గోడే రెండిళ్లకూ హద్దు. గొడవ దేనికని అడిగితే దుకాణం పేరు ఎవరికి అన్న దాని మీద అని నిఖిలేష్ చెప్పాడు. వంటింట్లో ఆడవాళ్ల దగ్గర మొదలైందని చుట్టాల్లో ఒకావిడ చెప్పింది. మా అత్తయ్య నా పెళ్లికి ముందే పోయారు, ఆవిడ ఉంటే ఏం చెప్పేవారో తెలియదు. మామయ్యను నేనెప్పుడూ అడగలేదు.

వాళ్లింటికి వెళ్లాలంటే మా గడప దిగి, సందు చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, వెనక సందులోంచి రావాలి. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అటు వెళ్లలేదు. పండగకు గానీ చావుకు గానీ రాకపోకలు లేవు. అయినా ఆ గోడ పక్కన పడుకునేదాన్ని కాబట్టి వాళ్లు నాకు బాగానే తెలుసు. తెల్లారగానే బకెట్ల చప్పుడు, వాకిలి కడిగే చీపురు చప్పుడు. పెద్దమామయ్య దగ్గు, ఆయన రేడియో. పెద్దత్తమ్మ లక్ష్మీకాంతమ్మ రోజూ ఎవరినో పేరు పెట్టి బతిమాలుతూ అన్నానికి పిలిచేది. అది పిల్లి అని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ తర్వాత ఇంట్లో వారాలు ఇరుకిరుకుగా గడిచాయి. కాగితమంతా పైకి మోయించాం. ముందుగది, వసారా, మెట్ల కింద, ఎక్కడ చూసినా కట్టలే. వాటి సందుల్లోంచి పక్కకు తిరిగి నడిచేవాళ్లం. నిఖిలేష్ ఆదివారాలు ఫ్లాట్లు చూసి వచ్చేవాడు. వానలు పడేలోపు ఖాళీ చేయాల్సిందే అన్నాడు. మామయ్య తైఖానాలో ఫ్యాన్లు పెట్టించి, పొద్దున సాయంత్రం వెళ్లి గోడను ముట్టుకుని వచ్చేవారు.

"మీరు పోండ్రి," అన్నారొకరోజు నిఖిలేష్‌తో. "పిల్ల ఉన్నది, పోవుడే మంచిది. నేనైతే ఈడనే ఉంట."

ఆ మాట కోపంగా అనలేదు. వాళ్లిద్దరి మధ్యా కంచాలు పెడుతూ నేను ఒకటే ఆలోచించాను. గోడకు అవతల ఉన్నవాళ్లతో నాకు ఏ గొడవా లేదు. గొడవ పడాలంటే ముందు ఒక్కసారైనా మాట్లాడి ఉండాలి కదా.

మర్నాడు మామయ్య, నిఖిలేష్ దుకాణానికి వెళ్లాక స్రవ్యను తీసుకుని బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు.

వెనక సందులో చెక్క తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల వాకిలి నేను ఊహించుకున్న దానికంటే చిన్నది. నేలంతా షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. అప్పుడే కడిగినట్టున్నారు, ఇంకా తడిగా ఉంది. ఎదురుగా మా ఇల్లు కనిపించింది. ఇన్నేళ్లు ఉన్న ఇంటి వెనకవైపును మొదటిసారి చూస్తున్నాను. పైన డాబా అంచున రాతి తూము ఒకటి, ఇక్కడ పర్నాలా అంటారు, వాకిట్లోకి నోరు తెరుచుకుని ఉంది. దాని కింది నుంచి నేల దాకా గోడ మీద నల్లగా, పచ్చగా పాకుడు చార దిగింది.

"తనూజవా?"

పెద్దత్తమ్మ వసారాలో కూర్చుని చింతకాయ తొక్కు జాడీకి బట్ట కడుతోంది. నా పేరు ఎలా తెలుసని అడిగాను.

"నీ మొగడు దినాం పిలుస్తనే ఉంటడు గదా బిడ్డా. అంగీ ఏడుంది, తాళాలు ఏడున్నయి అని."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వి, స్రవ్యను దగ్గరికి పిలిచి తొక్కు కొంచెం వేలితో నాలుక మీద పెట్టింది. ఆ తర్వాత, ఏదో పాత వంటకం గురించి చెప్పినట్టు, జాడీ మీది ముడి సరిచేసుకుంటూ చెప్పింది.

"ఇది పుట్టినప్పుడు కడుపునొప్పికి మస్తు ఏడ్సింది. ఇంట్ల ఆడదిక్కు లేదాయె నీకు. వాము వేయించి, పొట్లం కట్టుకొని మీ సందు మలుపు దాక వచ్చిన. మీ మామ గడప మీద కూసున్నడు. మర్లిపోయిన."

ఆ రోజులు గుర్తున్నాయి. పాపను భుజాన వేసుకుని ఆ గోడ పొడవునా తిరిగేదాన్ని.

పెద్దమామయ్య లోపలి నుంచి వచ్చారు. మామయ్య కంటే పొడుగు, సన్నం, అదే ముక్కు. నేను లేచి నిలబడి వచ్చిన పని చెప్పాను. గోడ ఉబ్బిందని, గిలాబు ఊడిందని, మేస్త్రి ఇటు నుంచి తవ్వాలంటున్నాడని. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"గోడ మీది. మట్టి మాది," అన్నారు. "నా వాకిలి తవ్వాలంటే నిన్ను పంపుడు కాదు. ఆయన్నే రమ్మను."

"ఆయన పంపలేదు. నేనే వచ్చిన."

నన్ను కాసేపు చూశారు. "మంచిది," అన్నారు. "అయినా ఆయన్నే రమ్మను."

ఆ రాత్రి వడ్డిస్తూ జరిగింది చెప్పాను. దాచి ఉంచడం నాకు చేతకాదు. నిఖిలేష్ తినడం ఆపి నా వైపు, వాళ్ల నాన్న వైపు మార్చి మార్చి చూశాడు. మామయ్య తలెత్తలేదు. పెద్దమామయ్య అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ తర్వాత ఇంకొకటి కూడా చెప్పాను.

"మన పర్నాలా కింద గోడంత పాకుడు పట్టింది మామయ్యా. ఇటుకెల్లి మనకు కనబడది."

మామయ్య చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెరుగు వేయమన్నారు.

వారం గడిచింది. రోహిణి ఎండలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున మామయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని గడప దిగారు. దుకాణానికి వెళ్లాలంటే సందు చివర కుడివైపు తిరగాలి. ఆయన ఎడమవైపు తిరిగారు. నేను స్టవ్ కట్టేసి, స్రవ్యను ఎత్తుకుని వెనకే వెళ్లాను. ఎల్లేష్ అప్పటికే కూలీలతో వెనక సందులో గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందురోజే పిలిపించారని అప్పుడు తెలిసింది.

మామయ్య ఆ చెక్క తలుపు బయట చెప్పులు విడిచి లోపలికి నడిచారు. పెద్దమామయ్య వసారాలో కుర్చీలో ఉన్నారు. లేవలేదు, అలాగని రావద్దనీ అనలేదు. మామయ్య ఎల్లేష్ వైపు తిరిగి, ఎంత వెడల్పు తవ్వాల్సి ఉంటుందో వాళ్లకు చెప్పమన్నారు. పెద్దమామయ్య కూడా ఎల్లేష్ వైపే చూసి, బండలు పగలకుండా తీయమని చెప్పు అన్నారు. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తోంది. అయినా ప్రతి మాటా ఎల్లేష్ మీదుగానే పోయింది. పాపం ఎల్లేష్ మెడ అటూ ఇటూ తిప్పలేక చస్తూ, చివరికి ఇద్దరికీ నడుమ నేలను చూస్తూ తలూపడం మొదలుపెట్టాడు.

కూలీలు గోడ పక్కన మొదటి వరస బండలు ఎత్తారు. కింద మట్టి నల్లగా, ముద్దగా ఉంది. రోహిణి కార్తెలో ఊరంతా నేల బీటలు వారుతుంటే ఇక్కడ పార దిగబడుతోంది. ఇంత నీరు ఎక్కడిది సేట్ అని ఎల్లేష్ బిగ్గరగానే అడిగాడు. నీళ్ల పైపు ఏదైనా పగిలిందేమోనని కూలీలు వెతకడం మొదలుపెట్టారు.

అప్పుడు పెద్దత్తమ్మ వసారా దిగింది. రోజూ వాకిలి కడిగే బకెట్టు నిండా నీళ్లు తెచ్చి, వాకిలి నడిమధ్యన నిలబడి మెల్లగా ఒంపింది. నీళ్లు బండల మీద ఒక్క క్షణం ఆగి, అందరం చూస్తుండగా, తిన్నగా మా గోడ వైపు పారి, తవ్విన చోట దిగి, కనబడకుండా పోయాయి.

"పంచుకున్న ఏడు మీరు డాబా వాలు ఇటు తిప్పిన్రు," అంది మామయ్యతో. "అంతకుముందు సగం నీళ్లు సందులకు పోయేటివి. ఆ వానలకు మా వాకిలి నిండింది. ఎండాకాలం రాంగనే ఈయన బండలు లేపి, వాలు అటు తిప్పి ఏయించిండు. మరి నీళ్లు ఏడికి పోవాలె?"

గొంతు పెంచలేదు. జవాబు కోసం ఆగలేదు కూడా. ఖాళీ బకెట్టు గోడ పక్కన బోర్లించి, లోపలికి వెళ్లి పొయ్యి మీద టీ పెట్టింది.

అన్నదమ్ములిద్దరూ తడిసిన ఆ చార వైపే చూస్తూ ఉండిపోయారు. పెద్దమామయ్య చేతిలో ఉన్న తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు. మామయ్య తలెత్తి మా డాబా మీది పర్నాలా వైపు చూశారు. ఆయన కూడా దాన్ని ఇటువైపు నుంచి ఇన్నేళ్లలో చూసి ఉండరు. ఎల్లేష్ ఇద్దరినీ చూసి గడ్డపార ఎత్తాడు.

పని నెమ్మదిగా సాగింది. పాత గోడ కాబట్టి కొంచెం కొంచెంగా తవ్వాలి, ఒకేసారి మట్టి తీసేస్తే గోడ కూలుతుందన్నాడు ఎల్లేష్. తైఖానాలో లోపలి వైపు కర్రలు, పలకలు పెట్టి గోడను నిలబెట్టాడు. నిఖిలేష్ మొదట ఈ తవ్వకం వైపు రాలేదు. తర్వాత ఒకరోజు దుకాణం నుంచి తిన్నగా వెనక సందుకు వచ్చి, పెద్దమ్మా అని పిలిచి, చిన్నప్పుడు కూర్చునే చోటేమో, వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె అతనికి అన్నం పెట్టింది. ఇంటికి వచ్చి నాకు ఆ సంగతి చెప్పలేదు. చేతికి తొక్కు వాసన వస్తోంది కాబట్టి తెలిసింది.

మామయ్య రోజూ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు అక్కడ ఉండేవారు. పెద్దమామయ్య కుర్చీలోంచి చూసేవారు. మాటలు మాత్రం ఎల్లేష్ మీదుగానే.

గోడ పునాది కనబడిన రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. ఎల్లేష్, కూలీలు అప్పటికే వెళ్లిపోయారు. ఆకాశం చార్మినార్ వైపు నల్లబడి, పత్తర్‌గట్టి దుకాణాల షట్టర్లు వరసగా దించుతున్న చప్పుడు వినిపించింది. నేను బట్టలు తీయడానికి డాబా ఎక్కి, ఎప్పుడూ చేయని పని, పిట్టగోడ మీంచి వంగి కిందికి చూశాను. గోడ పక్కన మనిషి లోతు గొయ్యి, దాని అంచున మెత్తటి మట్టి గుట్ట. నీళ్లు దిగితే ఆ మట్టి గొయ్యిలోకి జారుతుంది, రాళ్ల కింద నేల మెత్తబడుతుంది, గోడకు ఆసరా ఉండదు. నిఖిలేష్‌ను కేకేశాను. అతను గోనెపట్టాలు తెచ్చి పర్నాలా నోట్లో కుక్కడం మొదలుపెట్టాడు, డాబా నీళ్లు కిందికి పడకుండా. స్రవ్యను తైఖానా పైన ఉన్న మా గదిలోంచి తెచ్చి ముందుగదిలో కూర్చోబెట్టాను. అప్పటికే మామయ్య కాగితం కట్టలకు చుట్టే పెద్ద ప్లాస్టిక్ షీటును భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, సందులో పరిగెడుతున్నారు. ఆయన పరిగెత్తడం నేను చూడలేదు అంతకుముందు.

పాపను పక్కింటి బేబీ ఆంటీకి అప్పగించి నేనూ వెనక సందుకు చేరేసరికి చినుకులు బరువుగా పడుతున్నాయి. మామయ్య గొయ్యి ఇవతల నిలబడి షీటు విప్పుతున్నారు. గాలికి అది చేతిలో నిలవడం లేదు. అవతలి కొస ఎగిరెగిరి కొట్టుకుంటోంది. పెద్దమామయ్య వసారా అంచున నిలబడి ఉన్నారు.

"అన్నా, ఆ కొస పట్టు," అన్నారు మామయ్య.

పెద్దమామయ్య వానలోకి దిగి ఆ కొస పట్టుకున్నారు.

ఇద్దరూ గొయ్యికి చెరోవైపు నిలబడి షీటు లాగి పట్టుకున్నారు. పెద్దత్తమ్మ, నేను ఇటుకలు మోసి అంచుల మీద బరువు పెట్టాం. గాలి షీటు కిందికి దూరి ఒకసారి పైకి లేపింది. పెద్దమామయ్య తూలారు. వదిలెయ్యి, చెయ్యి కోసుకుంటది అని మామయ్య అరిచారు. పెద్దమామయ్య వదల్లేదు. బండల వాలుకు అడ్డంగా పెద్దత్తమ్మ ఇంట్లో ఉన్న గోనెలన్నీ పరిచింది. వాకిట్లో నీళ్లు నిండి, దారి మళ్లి, తలుపు సందులోంచి వెనక సందులోకి పారాయి. గొయ్యిలోకి దిగింది చాలా తక్కువ.

వాన ఎంతసేపు పడిందో చెప్పలేను. ఆగాక అందరం వసారాలో కూర్చున్నాం, బట్టలు పిండుకుంటూ. నిఖిలేష్ కూడా దిగి వచ్చాడు. అన్నదమ్ములు వసారాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. పెద్దత్తమ్మ అందరికీ టీ ఇచ్చింది.

"మోకాలు ఇంక నొస్తున్నదా?" అని మామయ్యను అడిగారు పెద్దమామయ్య.

"చలికాలమే. ఎండలకు మంచిగనే ఉంటది."

అంతకంటే ఎక్కువ ఏమీ జరగలేదు. మామయ్య ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, పెందలాడే పడుకున్నారు.

మర్నాడు ఎల్లేష్ వచ్చి, గోడ నిలిచి ఉండటం చూసి దానికి దండం పెట్టాడు. ఆ తర్వాత పని జోరుగా సాగింది. ఉబ్బిన రాళ్లను ఒక్కొక్కటిగా తీసి మళ్లీ పేర్చారు. బయటి ముఖాన్ని నున్నగా గిలాబు చేసి, అది ఆరాక తారు పూసి, తారు షీటు అతికించారు. గొయ్యిలో అడుగున చిల్లుల పైపు వేసి, దాని మీద కంకర నింపి, నీళ్లు ఊరితే వెనక సందులోని కాలువకు పోయేలా చేశారు. పెద్దమామయ్య బండలన్నీ లేపించి, వాలు సందు వైపుకు తిప్పించారు. మా డాబా మీద పాత గచ్చు పగలగొట్టిన రోజు మామయ్య తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో కూర్చుని, దారం కట్టి వాలు తానే చూసుకున్నారు. నీళ్లు ముందు సందుకు పోతాయి ఇప్పుడు. పర్నాలా నోరు సిమెంటుతో మూసేశారు. మూసిన తలుపును మాత్రం ఎవరూ తెరవలేదు, తెరుద్దామని ఎవరూ అనలేదు.

మృగశిర వానలు పడ్డాయి. ఒక పగలంతా కురిసిన రోజున, మధ్యాహ్నం మా గడప ముందు గొడుగు మడిచిన చప్పుడైంది. పెద్దమామయ్య. పంచె మోకాళ్ల దాకా తడిసింది. ఆ వానలో సందు చివరిదాకా నడిచి, మలుపు తిరిగి వచ్చారు.

"గోడ ఎట్లున్నదో చూద్దామని," అన్నారు నాతో.

మామయ్య ముందుగదిలో లేచి నిలబడి, తైఖానా మెట్ల దగ్గర లైటు వేశారు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దిగారు. నేను పైమెట్టు మీద నిలబడ్డాను. గోడ పొడిగా ఉంది. పెద్దమామయ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేయి ఆనిస్తూ నడిచి, మెట్ల కింద మూల దగ్గర ఆగారు. అక్కడ జానెడు మేర రాయి నల్లబడి ఉంది.

"ఈడ ఇంక ఉన్నది," అన్నారు.

మామయ్య వంగి, ఆయనా చెయ్యి పెట్టి చూశారు. "అవును. ఉన్నది."

ఆ జానెడు చెమ్మ గురించి వాళ్లు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. మెట్ల పునాది నుంచి వస్తుందని ఒకరు, పాత బావి ఊట అని ఒకరు. బావి మాట వచ్చాక తాత మాట వచ్చింది, తాత మాట వెంట ఇంకేవో మాటలు. నాకు అన్నీ వినిపించలేదు. నేను పైన వంటపనిలో పడ్డాను.

ఆ వానాకాలమంతా అంతే. వాన పడితే పెద్దమామయ్య గొడుగు వేసుకుని వచ్చేవారు. చూసి, చెయ్యి పెట్టి, ఎంత ఉందో ఏమిటో మామయ్యతో తేల్చుకుని, టీ తాగి వెళ్లేవారు. కొన్నిరోజులు వాన పడకుండా మబ్బు మాత్రమే పట్టినా వచ్చేవారు. పెద్దత్తమ్మ ఒకటి రెండుసార్లు ఆయన వెంట వచ్చింది. ఆమె తైఖానాలోకి దిగలేదు. నా వంటింట్లో కూర్చుని, నా చారులో మిరియాలు తక్కువని చెప్పింది.

కాగితం మళ్లీ కిందికి దించలేదు. నిఖిలేష్ దుకాణానికి దగ్గర్లో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని సరుకంతా అక్కడ పెట్టాడు. ఆ ప్రింటరు తిరిగి మా దగ్గరికి రాలేదు, వేరే ఇద్దరు వచ్చారు. అత్తాపూర్ మాట ఆ ఏడు మళ్లీ ఎత్తలేదు. ముందు ముందు ఎత్తడని నేను చెప్పలేను. ఫోనులో ఫ్లాట్ల ఫొటోలు ఇప్పటికీ వస్తుంటాయి, అతను చూస్తుంటాడు.

దసరా ముందు ఎల్లేష్ ఒకరోజు ఇటువైపు ఏదో పని మీద వచ్చి, తన గోడ చూసుకుని పోదామని మా ఇంట్లోకి తొంగిచూశాడు. మామయ్య అతన్ని కిందికి తీసుకెళ్లారు. నేను పండగకు తైఖానా ఊడ్చి పెడదామని చీపురుతో అక్కడే ఉన్నాను. ఎల్లేష్ గోడంతా చూసి మురిసిపోయాడు. ఆ తర్వాత మూల కంటబడింది. వేళ్లతో తడిమి, రాయి మీద తట్టి, సంగతి పసిగట్టాడు. మెట్ల అడుగున ఒక రాయి దగ్గర సందు మిగిలిపోయిందని, ఒక్క పూటలో అయ్యే పనేనని, రేపే వచ్చి చేస్తానని చెప్పాడు.

మామయ్య ఆ మూల వైపు చూశారు.

"ఇప్పుడు వద్దు," అన్నారు.

"అట్ల ఇడిచిపెడితే వచ్చే వానలకు ఇంక జరంత ఎక్కువైతది సేట్."

"ఐతే ఐతది. ఉండనీ."

ఎల్లేష్ నా వైపు చూశాడు. నేను ఊడుస్తూ ఉన్నాను. అతను సంచి భుజానికి తగిలించుకుని, ఆ మూలను మరొక్కసారి చేత్తో తడిమి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.